క్లోటిల్డా ఇంటి మీది పచ్చ చుక్క

తుఫాను తర్వాత వచ్చిన ఇళ్ల ప్రాజెక్టు వాళ్ల మ్యాప్ ఫోన్‌లో ఎవరైనా తెరిచి చూడొచ్చు. రెండు వేళ్లతో సాగదీసి మోర్న్ జబ్రికో దాకా వస్తే, కొండ అంచున మా ఊరు తట్టు పోసిన పిల్లాడి వీపులా కనిపిస్తుంది. అన్నీ ఎర్ర చుక్కలే. ఎరుపంటే ఇల్లు పోయిందని, పసుపంటే సగం పోయిందని, పచ్చంటే బాగుందని. ఆ ఎరుపు మధ్యలో ఒక్కటే పచ్చ చుక్క ఉంటుంది. అది క్లోటిల్డా లారాండ్ ఇల్లు. తుఫానులో మా ఊళ్లో దెబ్బ తగలని ఇల్లు అదొక్కటేనని ప్రపంచానికి తెలిసిన సత్యం. అది శుద్ధ అబద్ధమని మా ఊళ్లో మేకలకి కూడా తెలుసు.

ఊళ్లో ఆమెను ఎవరూ పేరుతో పిలవరు. అందరికీ తాంతీ, అంటే అత్త. ఆమెకన్నా పెద్దవాడైన పాపా సిరిల్ కూడా తాంతీ అనే అంటాడు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. చిన్నప్పుడు అరటి గెలలు కడిగే షెడ్డులో పనిచేసింది. అరటి వ్యాపారం పడిపోయాక బే ఆకు నూనె తీసే బట్టీ దగ్గర మంట చూసుకునేది. ఇప్పటికీ ఆమె పక్కన కూర్చుంటే ఆ ఆకు వాసనే వస్తుంది. పెళ్లి చేసుకుంది, మొగుడు పక్క దీవి గ్వాడెలూప్‌కి పడవెక్కి పోయాడు, మళ్లీ రాలేదు. దాని గురించి ఎవరైనా జాలిపడితే, "పోతూ పోతూ గొడ్డలి వదిలేసి పోయాడు, మంచివాడే" అంటుంది.

ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక పెద్ద తుఫాను వచ్చింది. అందులో ఆమె తల్లి కాలు విరిగింది. రోడ్డు లేదు, ఫోను తీగలు లేవు. ఒక తలుపు ఊడబీకి, దాని మీద పడుకోబెట్టి కొండ దింపారు. సముద్రం మీద పోతున్న ఓడకి అద్దంతో ఎండ తిప్పి చూపించారు. ఓడ ఆగలేదు. ఆలస్యమైపోయి తల్లి చచ్చిపోయింది. చాలా రోజులకి రాజధాని రోజో నుంచి బియ్యం బస్తాలతో వచ్చిన ఆఫీసరు, "ఇక్కడ ఊరుందని మాకెవరూ చెప్పలేదే" అన్నాడట. తల్లి పోయిన సంగతి తాంతీ మామూలుగానే చెబుతుంది. ఆఫీసరు మాట దగ్గరికి వచ్చేసరికి ముక్కుపుటాలు అదురుతాయి.

అందుకే ప్రభుత్వం ఊరూరా విపత్తు కమిటీ పెట్టి ఒక రేడియో ఇస్తామంటే, మిగతావాళ్లు దానికి కరెంటు ఖర్చెవరిస్తారని గొణుగుతుండగానే ఆమె వెళ్లి ఎత్తుకొచ్చేసింది. మేరీమాత బొమ్మ పక్కన లేసు గుడ్డ పరిచి దాన్ని పెట్టింది. ప్రతి సోమవారం పొద్దున రోజో నుంచి ఊళ్ల పేర్లు పిలుస్తారు. పిలిచినప్పుడు పలకాలి. "మోర్న్ జబ్రికో. బాగున్నాం" అని తాంతీ చెప్పే తీరు వింటే, అవతలివాడి చెవులు గింగురుమని ఉంటాయి.

నేను రోజోలో కంప్యూటర్ చదువు సగంలో వదిలేసి వచ్చి ఫోన్లు బాగుచేసుకుంటున్న రోజులవి. వదిలేయడానికి కారణం చెప్పేదేం లేదు, నాకు విసుగొచ్చింది. ఊరు నాకు సగం కాలేజీ అని పేరు పెట్టింది. తాంతీ ఊరందరినీ ఫోన్‌లో ఒక గుంపుగా కలపమంది, కలిపాను. తుఫాను హెచ్చరిక రాగానే బడి స్తంభం మీది సైరన్ మోగేలా చేయమంది, చేశాను. తర్వాత నా ఫోన్‌లో మా ఊరి మ్యాప్ పట్టుకుంది. నడవలేనివాళ్లు, మందుల మీద బతికేవాళ్లు ఎక్కడెక్కడ ఉంటారో చుక్కలు పెట్టాలంది.

"ఏరా సగం కాలేజీ, ఇందులో సిరిల్ ఇల్లేది?"

"అదిగో తాంతీ, ఆ చుక్క."

"అది మేకల దొడ్డి. సిరిల్ మేకలతో పడుకోడు."

"రమ్ము తాగినప్పుడు పడుకుంటాడు."

"అయితే రెండు చుక్కలు పెట్టు. తాగినప్పుడొకటి, తాగనప్పుడొకటి."

నవ్వుకుంటూ పెట్టాను. తుఫాను ఊరి మీదికి తిరిగిన సాయంత్రం అందరినీ బడిలోకి చేర్చాక లెక్క చూస్తే సిరిల్ లేడు. ఇంట్లో లేడు. రెండో చుక్క దగ్గర దొరికాడు, ఒక మేకపిల్లని చొక్కాలో పెట్టుకుని. ఆయన షుగరు మందు సీసా తాంతీ అప్పటికే మంచు డబ్బాలో పెట్టి బడికి పంపించేసింది.

ఆ రాత్రి గురించి రాయను. అలాంటిది చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్లకి చెప్పి లాభం లేదు. మా ఊళ్లో ఎవరూ చావలేదు. అదొక్కటి రాస్తే చాలు.

పొద్దున బయటికొస్తే కొండ మీద ఒక్క ఆకు లేదు. ఫోను టవరు మోకాళ్ల మీద కూర్చున్న మనిషిలా వంగిపోయి ఉంది. సైరను ఎటు పోయిందో తెలియదు. ఊళ్లో కప్పున్న ఇల్లు ఒక్కటీ లేదు. బడి మెట్ల మీంచి కిందికి చూస్తే తాంతీ ఇల్లు లోపలిదాకా కనిపిస్తుంది. గోడలున్నాయి, పైన ఆకాశం ఉంది, మంచం మీద ఎవరిదో తులసి కుండీ పడి ఉంది. ఆమె ఒకసారి అటు చూసి, "గోడలున్నాయిగా" అని, వెదురు గెడకి తీగ చుట్టించి, ముందురోజే బడికి తెచ్చుకున్న రేడియో ముందు కూర్చుంది. దేశంలో ఏ ఫోనూ పలకని ఆ రోజుల్లో మా ఊరి నుంచి ఆ ఒక్క గొంతే బయటికి పోయింది. ఎవరికి ఎముక విరిగింది, ఎవరికి ఏ మందు కావాలి, ఏ వంతెన పోయింది, హెలికాప్టరు ఎక్కడ దిగొచ్చు. గొంతు బొంగురుపోయింది. తేనె నాకించి మళ్లీ కూర్చోబెట్టాం.

ఆమె అక్కడ కూర్చుని ఉండగానే ఇక్కడ మేం ఒక పాడుపని చేశాం.

మా దగ్గర ఇల్లు ఎత్తాలన్నా, పడవ లాగాలన్నా, చేమదుంపల చేను తవ్వాలన్నా కుడ్‌మెన్ పెడతారు. శంఖం ఊదితే చేతులున్నవాళ్లంతా వస్తారు. కూలీ ఉండదు, కుండెడు బ్రాఫ్ పులుసూ ఒక సీసా రమ్మూ ఉంటాయి. ఇవాళ నీ ఇంటికి, రేపు నా ఇంటికి. వడ్రంగి వోరెల్ శంఖం ఊది అందర్నీ పోగుచేసి, "ఎవరింటితో మొదలెడదాం?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే కాదు. అందరూ ఒకే ఇంటివైపు చూశారు.

లోయలోకి దిగి రేకులు ఏరుకొచ్చాం. చర్చివి కొన్ని, బట్టీవి కొన్ని, ఎవరివో తెలియనివి కొన్ని. నలిగిన కాగితాల్లా ఉన్నవాటిని బండల మీద పెట్టి రాళ్లతో కొట్టి చదును చేశాం. వంకర మేకుల్ని సాపుచేశాం. విరిగిన వాసాలకి మరో చెక్క ఆనించి బిగించాం. పని అయ్యాక చూస్తే ముతక బొంతలా ఉంది. వోరెల్‌కి నచ్చలేదు. "తాంతీ ఇల్లు ఇలా ఉంటే ఊరికే సిగ్గు" అని, చర్చి గిడ్డంగిలో మిగిలిన ఎర్ర రంగు డబ్బా తెప్పించి, తుప్పు మీద, చిల్లుల మీద, అతుకుల మీద పూయించేశాడు. అది కప్పు కాదు, కప్పు వేషం. కాని దూరం నుంచి చూస్తే, బూడిదరంగు కొండ మీద కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోయింది.

తాంతీ బడి మెట్లు దిగి వచ్చి ఇంటి చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత, "రంగు దండగ చేశారు వెధవలు" అని కళ్లు తుడుచుకుంది.

"ఇది తాత్కాలికం తాంతీ" అన్నాడు వోరెల్. "గట్టి గాలి ఒక్కటొస్తే ఇది సముద్రం దాటి మార్టినీక్‌లో పోయి దిగుతుంది."

"అప్పటిదాకా తడవనుగా. చాలు."

తర్వాత మిగతా ఇళ్లకి కుడ్‌మెన్ పెట్టడానికి రేకులు మిగల్లేదు. ఏరుకొచ్చినవన్నీ ఆమె ఇంటికే అయిపోయాయి. మేమంతా నీలం పట్టాల కింద కూర్చుని, ఆ ఎర్ర కప్పును చూసి మురిసిపోయాం.

ఇళ్ల ప్రాజెక్టు వాళ్లు కొన్ని వారాలకి వచ్చారు. వాళ్లు రాకముందే తాంతీ ఇంటింటికీ తిరిగింది. "వచ్చినవాళ్లకి మర్యాదగా సమాధానం చెప్పండి. లేనిది ఉందని చెప్పకండి, ఉన్నది లేదని చెప్పకండి. ఈసారి మనమున్నామని రాసుకునేవాళ్లు వస్తున్నారు" అని. వచ్చింది షెర్విన్ అనే కుర్రాడు. నా వయసే ఉంటుంది. మెరిసే చొక్కా, చేతిలో ట్యాబ్లెట్, బూట్ల నిండా మా ఊరి బురద. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే బాగుండేది, తిట్టడానికి ఒక మనిషుండేవాడు.

తాంతీ అతనికి కోకో టీ ఇచ్చింది. అతను తాగి, ఇంటి ముందు నిలబడి పైకి చూశాడు.

"కప్పు ఉంది కదా తాంతీ."

"ఉంది. కాని లేదు."

"ఉందా, లేదా, కప్పుకి ఈ రెండే ఉన్నాయి ఇందులో. గోడలు కూలితేనే పసుపు."

"మూడోది పెట్టు. ఉందిగాని పనికిరాదని."

"నేను పెట్టలేనండి. ఇదెక్కడో తయారుచేసి పంపిస్తారు. నేను నొక్కడమే."

"నిచ్చెన తెప్పిస్తా, ఎక్కి చూడు. నా వేలు పట్టే చిల్లులున్నాయి."

"ఎక్కకూడదని రూలు. పడితే ఇన్సూరెన్సు ఇవ్వరు. కింద నుంచి ఫొటో తీస్తాను."

ఈలోగా ఊరు పోగయింది. నేను ఆ టైములో కింద రోడ్డు దగ్గర ఎవడిదో జనరేటరు విప్పుతున్నాను, లేకపోతే వోరెల్ నోరు నొక్కేసేవాణ్ణి. వోరెల్ ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు. "ఈ పక్క నుంచి తియ్యి బాబూ, వెలుతురు బాగుంటుంది. నేనే వేశాను ఆ కప్పు. ఎక్కడైనా వంకర కనిపిస్తోందా?"

"లేదండీ. చాలా బాగా వేశారు."

"రంగు కూడా మనదే."

"ముచ్చటగా ఉంది."

పక్కనున్నవాళ్లంతా తలలూపారు. ట్యాబ్లెట్ క్లిక్కుమంది. తెర పచ్చగా మారింది. ఆ రంగుల అర్థం ఊరందరికీ చెప్పింది తాంతీయే. ఆమె ఆ తెరవైపు చూసి, "బాగుందన్నమాట నా ఇల్లు" అంది. వోరెల్‌కి అప్పటికీ ఎక్కలేదు. వాడికి ఎక్కేసరికి షెర్విన్ పక్క లోయ దాటేశాడు.

నీలం పట్టాల కింద ఉన్నవాళ్లందరికీ ఎరుపు వచ్చింది. ఎరుపు వచ్చినవాళ్లకి కొత్త రేకులు, స్క్రూలు, వాసాన్ని గోడకి కట్టేసే ఇనప పట్టీలు, ప్రాజెక్టు వడ్రంగులు. పచ్చ వచ్చిన ఇంటికి ఒక ఎస్సెమ్మెస్: మీ ఇల్లు సురక్షితమైనందుకు సంతోషిస్తున్నాం.

అక్కడి నుంచి నేను రంగంలోకి దిగాను. ఫిర్యాదు నంబరుకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది, పాట వినిపించింది, కట్టయింది. మళ్లీ చేస్తే ఆన్‌లైన్‌లో పెట్టుకోమంది. ఆన్‌లైన్‌లో పెడితే, మరమ్మతుకు ముందు తీసిన ఫొటో జతచేయమంది. తుఫాను మర్నాడు మా ఊళ్లో ఏ ఫోనుకి ప్రాణముంది? ఊరందర్నీ అడిగాను. దొరికింది ఒకే ఒక్క ఫొటో. పని పూర్తయిన కప్పు మీద వోరెల్ బ్రష్షు ఎత్తిపట్టుకుని, పళ్లన్నీ బయటపెట్టి నిలబడ్డాడు.

"అది పంపకురా" అన్నాడు వోరెల్.

"పంపను. చట్రం కట్టించి మీ ఇంట్లో పెడతా."

"ఆకాశం నుంచి తీస్తారంటగా ఫొటోలు? అందులో చూడు."

చూశాను. తుఫాను మర్నాడు తీసిన ఉపగ్రహం ఫొటోలో దక్షిణం వైపు ఇళ్లు వేలు పెట్టి లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. మా కొండ మీద మాత్రం తెల్లటి మేఘం. మా కొండ మీద మేఘం ఎప్పుడు లేదు గనక.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. పరుగెత్తుకుంటూ తాంతీ దగ్గరికి పోయాను. ఆమె వాన చినుకులు పడేచోట గిన్నెలు సర్దుతోంది. చర్చి రంగు కారి గిన్నెల్లో నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తాంతీ, ఆ రోజు రేడియోలో అన్నీ చెప్పావు కదా. రోజోలో రికార్డు ఉంటుంది. నీ కప్పు పోయిందని చెప్పిన ముక్క పట్టుకుంటే చాలు."

"నా కప్పు సంగతి చెప్పలేదు."

"చెప్పలేదా?"

"అప్పుడు చెప్పాల్సినవి బోలెడున్నాయి. బ్యాటరీ కొంచెమే ఉంది."

"ఊరందరి గురించీ చెప్పి నీ ఒక్కదాని గురించీ..." నా గొంతు లేచింది. ఆమె మీద అరవడం అదే మొదటిసారి.

"నా మీద అరవకురా. నేను పచ్చ."

నవ్వు రాలేదు నాకు. ఆమెకి వచ్చింది.

ఎండలు ముదిరాయి. అంటే జూన్ దగ్గరపడుతోంది, మళ్లీ గాలుల కాలం. చుట్టూ నీలంరంగు కొత్త కప్పులు లేస్తున్నాయి. తాంతీ ఇంటి కప్పు చిన్న గాలికే రాత్రంతా పళ్లు కొరికినట్టు చప్పుడు చేసేది. మంచాన్ని మూల నుంచి మూలకి జరుపుతూ బతికింది. కొత్త కప్పు కింద కూర్చున్నవాళ్లు ఆమె ఎదురుపడితే చూపు తిప్పుకునేవాళ్లు. అది నాకు ఇంకా మండేది. తప్పు చేసినట్టు తిరగడం మానేసి ఏదైనా చేయొచ్చుగా.

చివరికి షెర్విన్‌నే ఫోన్‌లో పట్టుకున్నాను. "మొదటిసారి చూసినదానికన్నా ఇంటి పరిస్థితి దిగజారితే మళ్లీ వచ్చి చూడొచ్చు" అన్నాడు. "ఉదాహరణకి కప్పు లేకపోతే."

ఆ మాట వోరెల్ చెవిన వేశాను. వాడు సుత్తి కింద పెట్టి ఆలోచించాడు. వాడి ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుగొచ్చింది.

"వేసింది మనమే. పీకేదీ మనమే."

తాంతీ మొదట ఒప్పుకోలేదు. "తుఫాను తీసిందని చెప్పమంటారా? చెప్పను."

"అలా చెప్పొద్దు. కప్పు లేదని చెప్పు. ఉండదుగా" అన్నాను.

"ఎవరు తీశారంటే?"

"అడిగినప్పుడు చూద్దాం తాంతీ."

"అడిగితే ఉన్నదే చెబుతా. ముందే చెబుతున్నాను."

శనివారం శంఖం ఊదారు. ఇల్లు విప్పడానికి కుడ్‌మెన్ పెట్టడం మా ఊరి చరిత్రలో అదే మొదలు. సీమపనసలు కాలుతున్నాయి, బ్రాఫ్ ఉడుకుతోంది, పాటలు కూడా పాడారు. కప్పు ఎక్కాక పాటలు ఆగాయి. మేకులు పీకాల్సిన పనే లేకపోయింది. రేకు పట్టుకుని లాగితే మేకుతో సహా చేతిలోకి వచ్చేసింది. ఈ కప్పు కింద ఈ మనిషి ఇన్ని నెలలు పడుకుంది. వోరెల్ ఒక వాసం మీద అరచెయ్యి పెట్టి నొక్కితే విరిగింది. వాడు కిందికి దిగి, రమ్ము ముట్టకుండా పక్కకెళ్లి కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి ఇల్లు బోడిగా మిగిలింది. తాంతీ లోపల నిలబడి పైకి చూసింది. "తెలిసిన ఆకాశమే" అంది. రేడియోని గుడ్డలో చుట్టుకుని సిరిల్ ఇంటికి మారింది.

షెర్విన్ మాటిచ్చినట్టే సోమవారం వచ్చాడు. గోడల లోపలికి వచ్చి చూసి ఊపిరి పీల్చుకున్నాడు. "హమ్మయ్య. ఇది ఎరుపే తాంతీ, అనుమానం లేదు" అని ఫొటోలు తీశాడు. నా గుండె తేలికపడింది. తర్వాత తెర మీద ఇంకో పేజీ వచ్చింది.

"కారణం అడుగుతోంది. తుఫాను, వరద, కొండచరియ, అగ్ని."

"కుడ్‌మెన్" అంది తాంతీ.

"అది లేదండి ఇందులో. తుఫాను అని నొక్కేస్తాను. నిజమేగా, మొదట తీసింది తుఫానే కదా."

"నిజమే. నొక్కు."

నొక్కాడు. తేదీ అడిగింది. తుఫాను తేదీ కొట్టాడు. ట్యాబ్లెట్ కాసేపు తిరిగి, ఆ తేదీకి ఈ ఇంటి తనిఖీ అయిపోయింది, ఇల్లు బాగుంది అని పచ్చగా చూపించింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ పచ్చ.

షెర్విన్ చెమట తుడుచుకున్నాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "తాంతీ, మొదటి తనిఖీ తర్వాతి తేదీ ఏదైనా పడితే తీసుకుంటుంది. మార్చిలో గాలులు వీచాయిగా. మార్చిలో ఒక రోజు వేద్దాం. గాలికి కప్పు లేచిపోయిందని. ఎవరూ చూడరు, ఎవరూ అడగరు. మీరు ఊ అంటే చాలు. కింద మీ వేలిముద్ర పడాలి."

నేను ఊ అన్నాను. వోరెల్ ఊ అన్నాడు. గోడల మీంచి తొంగిచూస్తున్న ఊరంతా ఊ అంది.

"మార్చిలో నా కప్పు లేవలేదు" అంది తాంతీ.

"లేవబోయింది తాంతీ" అన్నాను. "ఎన్నిసార్లు లేవబోయిందో నువ్వే చెప్పావు."

"లేవబోవడం వేరు."

"ఇది కోర్టు కాదు. ఇదొక బొమ్మలపెట్టె. నిజం చెప్పినా దీనికి తెలియదు, అబద్ధం చెప్పినా తెలియదు. నువ్వు నిజం చెబితే పచ్చ అంటోంది. దీనికి మర్యాదేంటి?"

ఆమె నావైపు తిరిగింది. కోపం లేదు ముఖంలో. అలసట ఉంది.

"దీనికి కాదురా. రేపు గాలి వస్తోందని రోజోకి చెప్పాల్సింది ఈ గొంతే. పిల్లకి ఊపిరాడటంలేదు, హెలికాప్టరు పంపమంటే, నిజమా అని అడక్కుండా పంపిస్తున్నారు. ఎందుకు పంపిస్తున్నారు? ఈ ముసల్ది రానిదాన్ని వచ్చిందని ఎప్పుడూ చెప్పలేదు గనక. ఒక కప్పు కోసం రాని గాలిని వచ్చిందని వేలిముద్ర వేసి, మళ్లీ సోమవారం అదే గొంతుతో ఎలా పలకను?"

"వాళ్లకి తెలిస్తేగా."

"నాకు తెలుసుగా."

షెర్విన్ ట్యాబ్లెట్ తెర ఆపేశాడు. దాన్ని సంచిలో పెట్టుకుని, "సారీ తాంతీ" అని దిగిపోయాడు. దిగేటప్పుడు జారి పడ్డాడు. ఎవరూ నవ్వలేదు.

ఆమె చేసింది తప్పని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది. ఆ తప్పు చేసే హక్కు ఆమెకుందని కూడా అనిపిస్తోంది. రెండూ కలిపి ఏం చేసుకోవాలో తెలియక ఆ రోజు ఫోన్ల కొట్టు మూసేసి సముద్రం దాకా నడిచి వచ్చాను.

వచ్చేసరికి మళ్లీ శంఖం వినిపించింది.

ఈసారి వోరెల్ ఎవరినీ ఏమీ అడగలేదు. తన కొత్త కప్పు ఎక్కి, వంటింటి వైపు పంచకి వేసిన నీలం రేకుల్ని విప్పి భుజాన వేసుకుని కొండెక్కాడు. అది చూసి పక్కింటివాళ్లు వరండా రేకులు విప్పారు. ప్రాజెక్టు వాళ్లు ఒక్కో ఇంటికీ సరిగ్గా సరిపడా ఇచ్చారు, ఒక్కటీ మిగలదు. అందుకని ఇచ్చిన ప్రతివాడి ఇంటికీ ఎక్కడో ఒకచోట వెలితి పడింది. స్క్రూలు తలా పిడికెడు తెచ్చారు. ఇనప పట్టీలు తలా కొన్ని. ఆ ఇనప పట్టీల కోసం వాసాలు కొత్తవి కోయించారు. పాపా సిరిల్ తన మరుగుదొడ్డి కప్పే పంపించాడు.

"మరి వాన పడితే ఎలా పాపా?" అని అడిగితే, "టోపీ పెట్టుకుంటా" అన్నాడు.

పని మొదలుపెట్టబోతూ వోరెల్ చెయ్యి ఎత్తాడు. "ఆగండి. ముందు ఫొటోలు."

ఒక్కసారిగా అందరి ఫోన్లూ బయటికొచ్చాయి. తూర్పు నుంచి, పడమటి నుంచి, మంచం మీంచి, చెట్టు మీంచి. ఒకామె కప్పు లేని ఇంటి ముందు కూతుర్ని నిలబెట్టి తీసింది. నా బుర్ర వేడెక్కిపోయింది. కావాల్సినప్పుడు ఒక్కటి లేదు, ఇప్పుడు ఎవడు అడుగుతాడు వీటిని? చినుకులు మొదలయ్యాయి. ఫోన్లు దిగలేదు.

"చాల్లేరా ఫొటోలు" అంది తాంతీ. "నా మంచం తడుస్తోంది."

అప్పుడు ఎక్కారు. ప్రతి వాసానికీ పట్టీ, ప్రతి రేకుకీ స్క్రూ. వోరెల్ ఒక్కో స్క్రూ తనే తిప్పి, తనే లాగి చూసుకున్నాడు. రంగు వేయనివ్వలేదు. రకరకాల ఇళ్ల నుంచి వచ్చిన రేకులు కదా, పొడవులు కలవక చూరు పళ్లు ఊడిన నోరులా ఉంది. వోరెల్ దానికింద గెంతి వేలాడి చూశాడు. కదల్లేదు.

తర్వాతి సోమవారం నేను అక్కడే ఉన్నాను. రేడియో మళ్లీ మేరీమాత పక్కకి వచ్చింది. రోజో పిలిచింది.

"మోర్న్ జబ్రికో. బాగున్నాం."

"ఇళ్ల పరిస్థితిలో మార్పులేమైనా ఉన్నాయా?" అవతలి గొంతు ఎవడో కొత్తవాడిది, చదువుతున్నట్టు అడిగాడు.

"లేవు" అంది తాంతీ, మీట వదిలేసింది.

కోకో టీ నా నోట్లోనే ఆగిపోయింది. "మార్పు లేదంటావేంటి తాంతీ?"

"వాళ్ల పుస్తకంలో నా ఇల్లు పచ్చ. ఇవాళ వచ్చి చూసుకున్నా పచ్చే. అబద్ధమేముంది?"

"మరి ఇన్ని నెలలూ?"

"ఇన్ని నెలలూ వాళ్లది అబద్ధం. అది నన్నడగలేదు." ఆమె రేడియో మీద లేసు గుడ్డ కప్పింది. "నీ ఫోన్ తియ్యి. సిరిల్ కొత్తిల్లు రెండడుగులు పక్కకి కట్టారు, చుక్క జరుపు."

"మేకల దొడ్డి చుక్క తీసేయనా? తాగుడు మానేశానంటున్నాడు."

"ఉంచు" అంది. "గాలుల కాలం వచ్చేస్తోంది."